ప్రతి రాత్రీ రత్ జగా
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ బడి పంతులు తెలుగులో మాట్లాడుతున్నాడేమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ సభలో వున్న తల్లులలో చాలామందికి ఇంట్లో తెలుగే అలవాటు. మిగిలినవారి పిల్లలు ఉర్దూ మాట్లాడగలరు గాని చదవలేరు. (అది నా వృత్తికి సంబంధించిన బాధ, ఇంకో రోజు చెప్పుకుంటాను.) ఈ మాటలు సంచికలో అచ్చవుతాయి కనుక ఇంటిల్లిపాదీ చదివేలా వుండాలని కార్యదర్శి గారు ముందే చెప్పారు. నాకు వచ్చిన తెలుగులో చెబుతాను, తప్పులుంటే మన్నించండి.

నాకిచ్చిన విషయం "విద్యార్థులు - క్రమశిక్షణ". దాని మీద ఏటా ఎవరో ఒకరు మాట్లాడుతూనే వున్నారు, పిల్లలు తలలూపుతూనే వున్నారు. నేను అందులోంచి ఒక్క ముక్క మాత్రం తీసుకుంటాను. అది నిద్ర.

మా చిన్నతనంలో పెళ్ళి ఇంట రత్ జగా జరిగేది. ఆడవాళ్ళందరూ చేరి డోలక్ వాయించుకుంటూ, పాటలు పాడుకుంటూ, గుల్‌గులేలు వేసుకుంటూ తెల్లవార్లూ మేలుకొనేవారు. ఆ రాత్రి పిల్లలను పడుకోమని చెప్పేవారే వుండరు. మరునాడు మధ్యాహ్నం దాకా ఇల్లంతా నిద్ర. అది ఏడాదికి ఒకటో రెండో రాత్రుల ముచ్చట. షబే బరాత్, షబే ఖదర్ జాగారాల సంగతి వేరు, అవి ఇబాదత్ రాత్రులు. ఇప్పుడు మన ఇళ్ళలో డోలక్ లేదు, గుల్‌గులేలు లేవు, పాట లేదు, కాని ప్రతి రాత్రీ రత్ జగాయే. ఒకే చాప మీద పడుకున్న ఇద్దరిలో ఒకడు మేలుకొని వున్నాడన్న సంగతి రెండోవాడికి తెలియని రత్ జగా.

ఒక అబ్బాయి సంగతి చెబుతాను. పేరు చెప్పను. పోయిన ఏడు నా దగ్గర పదో తరగతి చదివాడు. లెక్కలలో చురుకైన వాడు. దసరా సెలవుల తరువాత నుంచి మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు మొదలుపెట్టాడు. నేను మందలించాను. నిలబెట్టాను. నిలబడి కూడా నిద్రపోయాడు, పిల్లలందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నాలుగు రోజులు చూసి వాళ్ళ నాన్నను పిలిపించాను. ఆయన ఆటో నడుపుతాడు. "సర్, ఇంట్లో ఫోను ఒక్కటే. అది పొద్దుటి నుంచి నా చొక్కా జేబులోనే వుంటుంది. రాత్రి పదింటికి నేను ఇంటికి వచ్చేదాకా పిల్లవాడి చేతికి ఫోనే రాదు" అన్నాడు. అంటే ఫోను గొడవ కాదన్నమాట, వీడిది ఒట్టి బద్ధకమే అని నేను తీర్మానించేశాను.

ఆ సాయంత్రం దేనికోసమో నా ఫోనులో తరగతి వాట్సాప్ గ్రూపు తెరిచాను. ఆ అబ్బాయి హోంవర్కు ఫోటో తీసి పంపిన సమయం కనిపించింది. రాత్రి 12 గంటల 40 నిమిషాలు. దాని కింద ఎవరో "శభాష్ బేటా" అని రాశారు. ఆ రాసింది నేనే. 12 గంటల 45 నిమిషాలకు. ఆ రాత్రి శభాష్ చెప్పిన పంతులే తెల్లారి ఆ పిల్లవాడిని నిలబెట్టాడు. ఆ లెక్కలు గ్రూపులో పెట్టింది రాత్రి పదింబావుకు. పెట్టింది కూడా నేనే. మరి 12 గంటల 45 నిమిషాలకు ఈ నలభై ఏళ్ళు దాటిన పంతులు మేలుకొని ఏం చేస్తున్నాడయ్యా అంటే, పాత క్రికెట్ మ్యాచీల తునకలు ఒకదాని వెంట ఒకటి చూస్తున్నాడు.

మరునాడు బడి వదిలాక ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, తిట్టకుండా అడిగాను. వాడు చెప్పిన దానిలో దాపరికం లేదు. పదింటికి అబ్బా వస్తాడు. ఫోనులో చార్జింగు అయిపోవడానికి వచ్చి వుంటుంది. గోడకున్న ప్లగ్గు వీడి తలగడ దగ్గరే. అక్కడే పెట్టి గ్రూపులోని లెక్కలు నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు. మధ్యలో ఒక రీలు, మళ్ళీ ఒక లెక్క. రోజుకు ఇంత అని ఇచ్చే డేటా రాత్రి 12 కొట్టేసరికి ముగుస్తుంది, మిగిలితే మురిగిపోతుంది. అందుకని 12 లోపల దానిని ఖర్చు చేయాలి. 12 దాటగానే కొత్త డేటా వచ్చి పడుతుంది. "ఒక్కటి చూసి పడుకుందామనుకుంటాను సర్. తరువాత చూస్తే రెండవుతుంది." మళ్ళీ 5 గంటలకు లేవాలి. ఎందుకు? మన సొసైటీ కోచింగు 5.30కి కాబట్టి. అంటే వాడి నిద్ర మూడు గంటలు.

ఆ వయసు పిల్లలకు ఎంత నిద్ర కావాలి? 13 నుంచి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం 2016లో చెప్పింది. పదేళ్ళ పిల్లవాడికి ఇంకా ఎక్కువ, 9 నుంచి 12 గంటలు. మనం చిన్నవాడిని ఎనిమిదింటికే జోకొట్టి, పెద్దవాడికి మాత్రం "నీకేమిటిరా, గడ్డం వస్తోంది" అంటాం.

ఇక్కడ ఒక సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు. మన శరీరంలో ఒక గడియారం వుంది. అది ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి ఇచ్చారు. చీకటి పడ్డాక మెదడులోని ఒక చిన్న గ్రంథి మెలటోనిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. అది శరీరానికి "రాత్రయింది" అని వినిపించే అజాన్ లాంటిది. పిల్లలు యుక్తవయసుకు వచ్చేసరికి ఈ గడియారం దానంతట అదే వెనక్కు జరుగుతుంది. కొందరిలో రెండు గంటల దాకా జరుగుతుంది. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మేరీ కార్స్‌కాడన్ అనే ఆచార్యురాలు దశాబ్దాల తరబడి దీని మీదనే పరిశోధన చేశారు. కాబట్టి పదిహేనేళ్ళ పిల్లవాడు తొమ్మిదింటికి పడుకోమంటే పడుకోలేడు. పడుకున్నా కళ్ళు తెరుచుకునే వుంటాడు. తెల్లవారి 5 గంటలకు లేపితే, వాడి శరీరం లెక్కలో అది మూడు గంటలే. దీనికే మన ఇళ్ళలో పెట్టిన పేరు బద్ధకం. నేనూ ఆ పేరే పెట్టాను.

ఆలస్యంగా నిద్ర వచ్చే ఈ వయసులో, ఆ నిద్ర రాని గంటన్నరలో, పిల్లవాడి చేతిలో ఫోను పడింది. అసలు ప్రమాదం అక్కడ వుంది.

ఫోను వెలుతురు వల్ల నిద్ర చెడుతుందని అందరూ అంటారు. నిజమే, కొంత. మన కంటిలో నీలి వెలుతురును గుర్తుపట్టి మెదడుకు "ఇంకా పగలే" అని కబురు పంపే ప్రత్యేక కణాలున్నాయని 2002లో బయటపడింది. 2014లో అమెరికాలో పన్నెండుమంది యువతీ యువకుల మీద ఒక ప్రయోగం చేశారు. ఐదు రాత్రులు పడుకోబోయే ముందు నాలుగేసి గంటలు వెలిగే తెర మీద చదివించారు, మరో ఐదు రాత్రులు మామూలు అచ్చు పుస్తకం చదివించారు. తెర మీద చదివిన రాత్రులలో మెలటోనిన్ సగానికి పైగా తగ్గింది. అయితే నిద్ర పట్టడానికి అదనంగా పట్టిన సమయం ఎంతో తెలుసా? సుమారు పది నిమిషాలు. కనుక "తెరను పసుపు రంగులోకి మార్చుకున్నాను సర్, ఇంక ఏం ఫరవాలేదు" అనే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. నాయనా, నీ రెండు గంటలు పోయింది రంగు వల్ల కాదు, చూసేదానికి ముగింపు లేకపోవడం వల్ల.

మా చిన్నప్పుడు రేడియో రాత్రి పదకొండు దాటాక ఆగిపోయేది. దూరదర్శన్ మూతపడి తెర మీద చుక్కలు మిగిలేవి. పుస్తకానికి చివరి పేజీ వుంటుంది. సినిమా హాలులో లైట్లు వేసి బయటికి పంపేస్తారు. ఈ ఫోనులోని బొమ్మలకు మాత్రం చివర లేదు. వేలితో పైకి తోసేకొద్దీ కొత్తవి వస్తూనే వుంటాయి. ఈ పద్ధతిని 2006లో తయారుచేసిన ఏజా రాస్కిన్ అనే ఆయన, తాను చేసిన పనికి తరువాతి కాలంలో బాహాటంగా విచారం వెలిబుచ్చాడు. చేసినవాడే విచారిస్తుంటే, దానిని ఆపలేని పదిహేనేళ్ళ పిల్లవాడిని మాత్రం మనం "మనసు మీద అదుపు లేదు" అని తిడుతున్నాం. అదుపు మనకుందా? ఈ హాలులోనే నేను మొదలుపెట్టిన తరువాత జేబులోంచి ఫోను తీసి చూసుకున్న పెద్దలను ఏడుగురిని లెక్కపెట్టాను. కోపం తెచ్చుకోకండి, నేను పంతుల్ని, లెక్కపెట్టడం అలవాటు.

2020 జూన్ చివర టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు "హమ్మయ్య, పీడ విరగడయింది" అన్న తండ్రులలో నేనొకణ్ణి. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్‌లో రీళ్ళు వచ్చాయి. ఒక యాప్‌ను తీసేస్తే తీరే సమస్య కాదు ఇది. ఆ ఏడే కరోనా వల్ల బడులు మూసి, పాఠాలు ఫోనులో చెప్పినప్పుడు ఎంతమంది తల్లులు చెవి కమ్మలు తాకట్టు పెట్టి ఫోన్లు కొన్నారో ఈ సొసైటీ వారికి తెలుసు. చదువు కోసమే వచ్చింది ఆ ఫోను. తరువాత ఏమయింది? అసర్ అనే సంస్థ 2024లో దేశమంతటా పల్లెలలో చేసిన సర్వేలో 14 నుంచి 16 ఏళ్ళ పిల్లలలో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడడం వచ్చు. అలా వచ్చినవారిలో ముందు వారం చదువు పనికి వాడినవారు నూటికి 57 మంది, సోషల్ మీడియాకు వాడినవారు 76 మంది. పల్లెలలోనే అలా వుంటే టౌనులో వుండే మనం ఎంత చెప్పుకున్నా తక్కువే.

ఆడపిల్లల సంగతి కాస్త వేరుగా వుంటుంది. మా బడి అమ్మాయిలు చెప్పిన మాట ఇది. వాళ్ళను పట్టి వుంచేది రీళ్ళకన్నా స్నేహితురాళ్ళ గ్రూపు. పగలంతా ఇంటి పని, బడి. మనసు విప్పి మాట్లాడుకోవడానికి దొరికేది రాత్రి పదకొండు తరువాతనే. ఆ రాత్రి లేనివాళ్ళకు మరునాడు బడిలో జరిగే నవ్వులాట అర్థం కాదు. పంపిన మాటను అవతలివారు చూసినట్లు గుర్తు కనబడి జవాబు రాకపోతే, ఆ పిల్లకు తెల్లవార్లూ కన్ను మూతపడదు. అప్పుడు ఫోను లాక్కున్నా లాభం లేదు, చీకటిలో కళ్ళు తెరుచుకుని ఆలోచిస్తూనే వుంటుంది. ఇంకొక మాట. దిగులుతో నిద్ర పట్టకనే ఫోను పట్టుకునే పిల్లలూ వున్నారు. అక్కడ ఫోను కారణం కాదు, ఆనవాలు. వారాల తరబడి నిద్ర లేకుండా, తిండి సహించకుండా, ఎవరితో పలకకుండా వుంటే దర్గాకో ఆమిల్ దగ్గరికో తిప్పే ముందు డాక్టరుకు చూపించండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ అనే ఉచిత ఫోను సలహా కేంద్రం 2022 నుంచి వుంది, నంబరు 14416. తెలుగులోనే మాట్లాడతారు.

నిద్ర తగ్గితే ఏమవుతుంది, కాఫీ తాగి చదువుకోరాదా అంటారు కొందరు. పగలు చదివిన పాఠం రాత్రి నిద్రలో మెదడులో కుదురుకుంటుంది. ఇది ఇప్పుడు శాస్త్రజ్ఞులు చెబుతున్నది. మన హిఫ్జ్ మదర్సాలలో ఉస్తాదులు ఎన్నో తరాలుగా చేయిస్తున్నదీ ఇదే కదా. మగ్రిబ్ తరువాత సబక్ వల్లె వేయించి, పడుకోబెట్టి, ఫజర్ తరువాత ఒప్పజెప్పించుకుంటారు. నడుమ వున్న ఆ నిద్రను వాళ్ళు ఏనాడూ దండగ అనుకోలేదు. ఇషా నమాజు తరువాత ఊరికే కబుర్లతో పొద్దుపుచ్చడం ప్రవక్త వారికి ఇష్టం వుండేది కాదన్న సంగతి మీ అందరికీ తెలిసినదే, నేను కొత్తగా చెప్పనక్కరలేదు.

రంజాన్ నెలలో తరావీహ్ అయిన తరువాత సహరీ దాకా వీధి అరుగుల మీద ఫోన్లు పట్టుకుని కూర్చునే కుర్రవాళ్ళను చూస్తున్నాం. ఈ మధ్య సంవత్సరాలలో రంజాన్ పబ్లిక్ పరీక్షల దగ్గరికి వచ్చింది. ఉపవాసం పిల్లల చదువును దెబ్బతీస్తోందని బయటివారు ఎవరైనా అంటే మనకు కోపం వస్తుంది. దెబ్బతీసేది ఉపవాసం కాదు, ఆ అరుగు.

ఇక ఏం చేయాలి? మన ఇళ్ళు ఎలాంటివో నాకు తెలుసు. పిల్లవాడికి వేరే గది, గదికి తలుపు, తలుపుకు తాళం అని పుస్తకాలలో రాసేవి మనకు పనికిరావు. ఒకటిన్నర గది, ఆరుగురు మనుషులు, పదకొండింటికి భోంచేసే నాన్న, ఆయన తినేదాకా టీవీ. అందుకని నేను మా ఇంట్లో చేసినది మాత్రం చెబుతాను. వీధి తలుపు పక్కన చెప్పుల గూటి మీద ఒక పలక కొట్టించాను. అక్కడే చార్జింగు ప్లగ్గు. రాత్రి పదింటికి ఇంట్లోని ఫోన్లన్నీ అక్కడికి వెళ్ళాలి. "అలారం కోసం తలగడ దగ్గర వుండాలి" అనే సాకు ఇక చెల్లకుండా కీ ఇచ్చే పాత రకం అలారం గడియారం ఒకటి కొన్నాను. మొదటి రాత్రి తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి తన ఫోను పెట్టి, అక్కడే నిలబడి "అబ్బా, మీది ఏది?" అన్నది. నాది లుంగీ మడతలో వుంది. తీసి పెట్టాను. ఆ రాత్రి నా చెయ్యి తలగడ కిందికి మూడుసార్లు పోయింది. మా ఆవిడ చూసి నవ్వింది. వారం రోజులు నాకే నిద్ర పట్టలేదు. అప్పుడు తెలిసింది, పిల్లలను ఒక్కరినే ఈ పని చేయమనడం ఎంత అన్యాయమో.

అర్ధరాత్రి మేలుకొని పిల్లవాడి చేతిలోంచి ఫోను లాగి గోడకేసి కొట్టకండి. ఆ కేకలతో ఇల్లంతటికీ నిద్ర పోతుంది, మరునాడు వాడు ఇంకో స్నేహితుడి ఫోను తెచ్చుకుంటాడు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండు దాకా పడుకోనివ్వకండి. గంట ఆలస్యంగా లేపండి, చాలు. లేకపోతే శరీర గడియారం మళ్ళీ వెనక్కు పోయి సోమవారం మొదటి పీరియడ్ నాకు దక్కదు. లేవగానే కాసేపు ఎండలో నిలబడితే ఆ గడియారం ముందుకు జరుగుతుంది. మిద్దె మీద నీళ్ళ ట్యాంకు చూసి రమ్మని పంపించినా సరే.

నా తరగతి గ్రూపులో సాయంత్రం 6 దాటాక ఏమీ పెట్టడం లేదు. లెక్కలు మునుపటిలాగే నల్లబల్ల మీద రాసి ఎక్కించుకోమంటున్నాను. ఆ ఆటో ఆయన కొడుకు ఏమయ్యాడంటారా? రాత్రి పదకొండుకు పడుకోవడం మొదలుపెట్టాడు. కునుకు చాలావరకు తగ్గింది, పూర్తిగా పోలేదు. పోకపోవడానికి కారణం మన కోచింగు. ఆ మాట చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చాను.

అధ్యక్షుల వారు నన్ను మన్నించాలి. మన సొసైటీ పదో తరగతి పిల్లలకు ఉచితంగా కోచింగు ఇస్తోంది. ఆ కేంద్రం వల్ల ఎందరు పిల్లలు పైకి వచ్చారో నాకు తెలుసు, అక్కడ పాఠం చెప్పేవారిలో నేనూ వున్నాను. అది పొద్దున్నే 5.30కి మొదలవుతుంది. సాయంత్రం బ్యాచి రాత్రి 9.30కి వదులుతుంది. పిల్లలు రెండింటికీ వస్తున్నారు. ఇప్పుడు లెక్క వేయండి. 9.30కి వదిలితే ఇంటికి చేరి తిని పడుకునేసరికి పదిన్నర. 5 గంటలకు లేవాలి. ఫోను అసలు ముట్టుకోని పిల్లవాడికి కూడా ఆరున్నర గంటలు మించి దొరకవు. 8 గంటలు ఇవ్వలేని లెక్కను మనమే తయారుచేసి, పిల్లల ఫోన్ల మీద మాత్రం ప్రసంగాలు పెట్టుకుంటున్నాం. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం వారు 2019లో చట్టం చేసి 2022 జూలై నుంచి, కొన్ని పల్లె ప్రాంతాలు మినహా, ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు ఉదయం 8.30కి ముందు తెరవకూడదన్నారు. ఆస్ట్రేలియా వారు 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు పిల్లలకు పెద్ద సోషల్ మీడియా ఖాతాలే వుండరాదన్నారు. అది ఎంతవరకు నిలుస్తుందో చూడాలి, పిల్లలు మనకన్నా తెలివైనవారు. చట్టాలు మన చేతిలో లేవు. కోచింగు వేళలు మన చేతిలో వున్నాయి.

నా మనవి ఇది. పొద్దుటి బ్యాచి ఎత్తివేయండి. బడి వదిలిన తరువాత 5 గంటలకు మొదలుపెట్టి, మగ్రిబ్‌కు విరామమిచ్చి, 7.30కి వదిలేద్దాం. ఆ వేళలో హాలులో కుట్టు శిక్షణ జరుగుతోందని కొందరు అభ్యంతరం చెప్పారు. కుట్టు నేర్చుకునే సోదరీమణులను అడిగాను. పగలు 11 నుంచి 1 దాకా అయితే వంట ముగించుకుని రావడం తమకే సుఖమన్నారు. పాఠాలు చెప్పే మేము ఐదుగురం సాయంత్రమే రావడానికి ఒప్పుకున్నాం. పదిహేను నిమిషాలు పాఠం తగ్గినా ఫరవాలేదు, మేలుకొని వున్న పిల్లలకు చెబుతాము కదా. కాగితం రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. వచ్చే కార్యవర్గ సమావేశంలో పెడతామన్నారు.

ఇప్పుడు ఆయనే నాకు గడియారం చూపిస్తున్నారు. తొమ్మిదీ నలభై అయింది. బహుమతులు పంచడం ఇంకా మిగిలి వుంది, ఆ తరువాత భోజనాలు. ముందు వరుసలో కుడివైపు ముగ్గురు పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోతున్నారు. వాళ్ళను లేపకండి. వాళ్ళ బహుమతులు తల్లుల చేతికి ఇవ్వవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.